మిమ్మల్ని అడిగారు కదా

కువైట్‌లో మిష్రిఫ్ అనే పేటలో నేను పనిచేసే ఇంట్లో పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి బ్రిటన్ పెద్దావిడ ఒకరు వస్తుండేవారు. ఒకసారి సెలవుకు మనవాళ్లు ఎక్కువగా ఉండే అబ్బాసియా వెళుతుంటే, కారు పాడైందని ఆవిడా నా బస్సే ఎక్కి పక్కన కూర్చున్నారు. నాన్న ఇంట్లో నేర్పిన ఇంగ్లీషు దేవుడి దయవల్ల అక్కరకొచ్చింది.

"మీరు అదృష్టవంతులు మిస్," అన్నాను. "ఐరోపాతో ఉండాలా, విడిపోవాలా అని ఓటు పెట్టి మిమ్మల్ని అడిగారు కదా. మా రాష్ట్రాన్ని రెండు చేసేటప్పుడు మమ్మల్నెవరూ అడగలేదు."

ఆవిడ నవ్వలేదు.

"అడిగారు. బయటివాళ్లు ఎక్కువయ్యారని విడిపోదామనే వేశాను. ఇప్పుడు స్పెయిన్‌లో ఉన్న మా అమ్మాయి, వచ్చి తన దగ్గరే ఉండమంటోంది. విడిపోకముందైతే పెట్టె సర్దుకుని వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు అక్కడ ఉండాలన్నా ఇక్కడిలాగే ఇఖామా, అదే ఉండనిచ్చే పర్మిట్, కావాలట. అడిగితే కాదన్నారు."

ఇఖామా అన్న మాట ఆవిడ నోట అచ్చం మా అబ్బాసియావాళ్లు అన్నట్టే, అంత దిగులుగా వినిపించింది.

"మీ ఊళ్లో వాళ్లు ఇప్పుడేమంటున్నారు మిస్?"

"మా వీధిలో చాలామంది తప్పు చేశామంటున్నారు. మనసులు మారాయి. రూలు మారలేదు."

నా ఇఖామా రెన్యువల్ అయిన ప్రతిసారీ దేవుడికి దండం పెట్టుకుంటాను. ఇప్పుడు ఆవిడకూ ఒకటి ఇప్పించమని అడుగుతున్నాను.