తెలుపు తేల్చేవాణ్ణి

బెంగళూరులో, బెళ్ళందూరు ఆఫీసులో నా పని తెలుపు తేల్చడం. కొత్త టీవీల వరస తయారవుతుంటే, తెర మీద తెలుపు తెల్లగా ఉందో లేదో చెప్పే ఆఖరి మాట నాది. రంగులు కొలిచే మీటర్లు లేక కాదు. "మీటరు టీవీ చూడదప్పా, మనిషే చూస్తాడు" అనేవాణ్ణి. అందరూ తలూపేవారు. అది నాకు గర్వంగా ఉండేది.

ఈసారి మాత్రం తెలుపు కుదరలేదు. ప్రతి తెరా పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టే కనబడుతోంది. ఆ పసుపు విరగాలని నేను నీలం పెంచుతూ పోయాను. ఆ రోజే సెట్టింగులు ఫ్యాక్టరీకి పంపాలి. మా జట్టులోని గుంటూరు అమ్మాయి భయపడుతూనే అంది.

"సార్, తెర మీద మొహాలు కూడా నీలంగా వస్తున్నాయి. మీటరూ అదే చెప్తోంది."

"ఇంకో మీటరు తెప్పించమ్మా, ఇది చెడిపోయుండాది."

నాకు ఒళ్ళు మండింది. అసలు పొద్దున్నే వర్తూరులో, ఇంట్లో, మా ఆవిడతో గొడవపడి వచ్చాను. తెల్ల చొక్కా పసుపెక్కిందని విసిరికొట్టాను. "ఉతికుతికి నా చేతులు అరిగిపోతుండాయి. పచ్చకామెర్లోళ్ళకు లోకమంతా పచ్చగా ఉంటాదంట" అందామె.

రెండో మీటరు వచ్చింది. అదీ నీలమే ఎక్కువంది. చెమట కంట్లోకి దిగితే రుమాలుతో ఎడమ కన్ను ఒత్తుకున్నాను. తెర పసుపుగా ఉంది. రుమాలు కుడి కంటి మీదికి మార్చాను. తెర నీలంగా ఉంది. మళ్ళీ చూశాను, మళ్ళీ అంతే. నా కుడి కంట్లోనే ఏదో పొర కమ్ముతోంది. ఈ కన్ను తప్ప ఈ ఆఫీసులో నాకున్న విద్య ఏముంది?

"సార్, ఫ్యాక్టరీ వాళ్ళు లైన్లో ఉన్నారు. ఫైనల్ చేసేద్దామా?" అంది గుంటూరు అమ్మాయి.

రిమోటు నా చేతిలోనే ఉంది. నోరు మూసుకుని ఒక్క మీట నొక్కితే ఎవరూ ఎదురు చెప్పరు. కొన్నవాళ్ళందరి ఇళ్ళలో నా జబ్బే వెలుగుతుంది.

"నీకెట్ల తెల్లగా కనిపిస్తాదో అట్లే పెట్టమ్మా" అని రిమోటు ఆమెకిచ్చేశాను. అందరూ నా మొహంలోకి చూశారు. నేను నేల చూశాను.

సాయంత్రం ఇంటికి రాగానే ఆ చొక్కా వెతికి తీసి, కుడి కన్ను గట్టిగా మూసుకుని చూశాను.

"ఇంకా ఏం తప్పు కనిపిస్తుండాది?" అంది మా ఆవిడ.

"లేదు, తెల్లగానే ఉండాది" అన్నాను, ఆ కన్ను తెరవకుండానే.