పోలమ్మ పువ్వు

ఇనుప అచ్చు కాగిన నూనెలో మునిగి వేడెక్కుతున్నప్పుడు ఒక వాసన వస్తుంది. అది పిండివంట వాసన కాదు, ఇంకా పిండి తగలని ఇనుము వాసన. విజయవాడలో మా వంటింట్లో ప్రతి డిసెంబరులోనూ ఆ వాసన ముక్కుకి తగలగానే ముందు నోరూరుతుంది, ఆ వెంటనే ఒళ్ళు మండుతుంది. క్రిస్మస్‌కి గులాబీ పువ్వులు వండుతూ పళ్ళు నూరుకునే మనిషిని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నేను పెరిగింది జెద్దాలో, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, అమ్మ నర్సుగా పనిచేసిన ఆసుపత్రి క్వార్టర్స్‌లో. సముద్రం మీంచి వచ్చే ఉప్పగాలికి మెట్ల గోడలు చెమర్చేవి, నమాజు వేళకి కిందనున్న కిరాణా బకాలా షట్టరు దించేస్తే మళ్ళీ తీసేదాకా మలయాళీ పిల్లలూ ఫిలిప్పీనో పిల్లలూ నేనూ ఆ మెట్ల మీదే ఖాళీ ట్యూనా డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి బంతితో కూలగొట్టేవాళ్ళం, అమ్మ డ్యూటీ నుంచి వచ్చి నల్లటి అబాయా విప్పి తలుపు వెనక తగిలిస్తే ఆ గుడ్డలోంచి మందుల వాసనా ఎండ వాసనా కలిసి వచ్చేవి. ఎండలు ముదిరితే తాయిఫ్ కొండకి వెళ్ళేవాళ్ళం. దారి మలుపుల్లో కోతులు కారుకి అడ్డం కూర్చునేవి, కొండ మీది తోటల్లో దానిమ్మ పళ్ళు చెట్టుకే పగిలి ఉండేవి, వాటి రసం గౌను మీద పడితే అమ్మ ఎంత ఉతికినా పోయేది కాదు.

క్రిస్మస్ మాత్రం, ఆ సౌదీ దేశంలో బయటికి తెలియకూడదు కాబట్టి, తలుపులు వేసుకుని, కర్టెన్లు దించుకుని చేసుకునే పండగ. రంగు కాగితాల నక్షత్రం బాల్కనీలో కాకుండా హాల్లో ఫ్యాను పక్కన వేలాడేది. పాట అందుకుని ఎవరి గొంతైనా కాస్త లేచిందంటే అమ్మ చూపుడువేలు పెదవుల మీదికి వెళ్ళేది. ఆ ఇల్లు అమ్మ ఉద్యోగానికిచ్చింది, నాన్న ఆ దేశానికి వచ్చిందే అమ్మ వీసా మీద. గొడవేదైనా వస్తే ముందు పోయేది అమ్మ ఉద్యోగమేనని నాక్కూడా తెలుసు.

నాకు పదేళ్ళప్పుడు, విజిట్ వీసా మీద బందరు నుంచి నాయనమ్మ వచ్చింది, పాత నేత చీర ముక్కలో చుట్టిన గులాబీ అచ్చుతో సహా. వచ్చిన వారానికే చేపల మార్కెట్టుకి తీసుకెళ్ళమంది. అక్కడ మంచు మీద పరిచిన హమూర్ చేపల మొప్పలు ఒక్కోటీ ఎత్తి చూసి, పొట్ట నొక్కి చూసి, "ఇది నిన్నటిది, ఇది మొన్నటిది" అని తెలుగులోనే ఆ అమ్మే మనిషి మొహం మీద చెప్పేసింది. నాన్న సిగ్గుతో అటు తిరిగి నిలబడ్డాడు. "పోలమ్మ ఇంటి కోడల్నిరా నేను. నాకు సేప తెలీకపోతే ఎట్టా?" అంది నాయనమ్మ.

పోలమ్మ ఎవరో నాకు క్రిస్మస్ ముందురోజు వంటింట్లో తెలిసింది. ఎప్పుడో బందరులో ఒలందా దొరలు, అదే డచ్చివాళ్ళు, సరుకుల కోఠీ కట్టుకుని వ్యాపారం చేసిన రోజుల్లో, ఆ కోఠీకి బుట్టతో చేపలు మోసిన మనిషి. అక్కడి దొర ఒకడికి కొడుకుని కన్నది. ఆ కొడుకు సంతతే మేము. ఈ అచ్చు ఆమె చేతి నుంచి కోడలికి, ఆ కోడలి నుంచి కోడలికి అలా దిగుతూ వచ్చిందట. "ఇనుము ఎన్నిసార్లు మారిందో ఎవురికి తెలుసు. పువ్వు మాత్రం అదే" అంది నాయనమ్మ. మా ఇంటి పద్ధతి ఏమిటంటే, మొదటి వాయిలో ఒక్కో పువ్వునీ అచ్చు పట్టిన ఒక్కో కోడలి పేరు చెప్పి నూనెలో వదలాలి. "ఇది మా అత్త సువార్తమ్మది, ఇది ఆవిడ అత్త రాహేలమ్మది, ఇది కాతమ్మది..." అని వెనక్కి వెనక్కి వెళ్తూ, పువ్వులు ఎర్రగా వేగుతుంటే జల్లిగరిటెతో తిప్పుతూ, చిట్టచివరికి పోలమ్మ దగ్గర ఆగాలి. అప్పటిదాకా ఎవరూ ఒక్క పువ్వు కూడా ముట్టుకోకూడదు. కొబ్బరిపాలూ గుడ్డూ నువ్వులూ కలిసిన ఆ వాసనకి నాకు ప్రాణం పోతోంది, అయినా నోరు కట్టుకుని విన్నాను.

అది కాతమ్మ దగ్గరే ఆగిపోయింది. ఆపినవాడు మా పెదనాన్న.

ఆయన ఖఫ్జీలో చమురు కంపెనీ ఇంజనీరు. దేశం ఆ చివర నుంచి ఈ చివరకి కారులో వచ్చి, షూస్ విప్పకముందే పొడుగాటి కాగితపు చుట్ట ఒకటి హాల్లో పరిచాడు. మా వంశవృక్షం! ఎన్నాళ్ళో తవ్వి తీశాడట, బందరు సమాధుల దొడ్డిలో రాళ్ళకి ఫొటోలు తీయించాడట, పైపులైన్ల బొమ్మలు గీసే ఆఫీసు మిషను మీదే అచ్చువేయించాడట. చూడటానికీ పైపులైనులాగే ఉంది. మీద పెద్ద అక్షరాలతో దొర, అక్కణ్ణుంచి కిందికి మగవాళ్ళ పేర్లే పేర్లు, అట్టడుగున పెదనాన్న, నాన్న.

"ఇది సీరియస్ రీసెర్చ్ అమ్మా. మనది యూరోపియన్ హెరిటేజ్" అన్నాడు వంటింటి గుమ్మంలోకి దాన్ని పట్టుకొచ్చి.

నాయనమ్మకి ఇంగ్లీషు రాదు. "పాపా, సదువు" అంది. నేను పైనుంచి కిందిదాకా చదివాను. చేతిలో అచ్చు అలాగే పట్టుకుని విన్నది.

"పోలమ్మేదిరా?"

"ఆవిడ కూడా ఎవరో ఒలందా ఆవిడే అయ్యుంటుందమ్మా. ఆ పోలమ్మలూ పుల్లమ్మలూ అవన్నీ ఎందుకిప్పుడు?"

"సేపలమ్మిన మనిషిరా. దొరకి లేని సిగ్గు నీకెందుకురా?" అని నాయనమ్మ మళ్ళీ పొయ్యి వైపు తిరిగి, గొంతు పెంచి, "ఇది సువార్తమ్మది, ఇది రాహేలమ్మది" అని మొదలుపెట్టింది.

పెదనాన్న వెళ్ళి క్యాసెట్ ప్లేయర్ సౌండు పెంచేశాడు. మేము ఏడాదికోసారి గుసగుసగా పాడుకునే ఇంట్లో, కన్నతల్లి నోట ఆ పేర్లు వినపడకూడదని, గోడలదిరేలా క్రిస్మస్ పాట పెట్టాడు! "బావగారూ, పక్క ఫ్లాటుకి వినిపిస్తది" అంది అమ్మ. ఆయన వినిపించుకోలేదు. నాన్న నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. అమ్మ యూనిఫాంలోనే ఉంది, డ్యూటీకి బస్సు వచ్చే వేళ. గబగబా వెళ్ళి ప్లగ్గు పీకేసి, ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. ఆయన అలిగి బయటికి పోయాడు. ఇల్లు అమ్మది, ఆ పూట ఆయన తినబోయే అన్నం అమ్మది, పోబోయిన ఉద్యోగం అమ్మది. ఆ కాగితంలో మాత్రం అమ్మకి వేలెడు చోటు లేదు. ఇప్పటికీ ఆ మనిషిని తలుచుకుంటే నాకు మండుతుంది, వయసు రీత్యా క్షమించెయ్యమని చెప్పేవాళ్ళని చూస్తే ఇంకా మండుతుంది.

నాయనమ్మ స్టవ్ కట్టేసింది. కలిపిన పిండి గిన్నెలోనే పులిసిపోయింది. ఆనవాయితీ ప్రకారం పెద్దకోడలికి దక్కాల్సిన అచ్చుని, వీసా అయిపోయి వెళ్ళేటప్పుడు అమ్మ చేతిలో పెట్టింది. "మిగతా పేర్లు వచ్చే పండక్కి సెప్తాలే" అంది. ఆ పండగ ఆమె చూడలేదు. బందరులో ఆమె సమాధి మీద పెదనాన్న నల్లరాయి పెట్టించాడు. దొర పేరు పెద్దగా, 'ఆ వంశపు కోడలు' అని కింద, దాని కింద సన్నగా ఆమె పేరు.

అమ్మ రిటైరై ఇక్కడికి వచ్చేశాక అచ్చు నా దగ్గరికొచ్చింది. పెళ్ళైనదాన్ని నేను, వేరే ఇంటి కోడల్ని, అయినా తీసుకున్నాను. జెద్దాలో ఆ క్వార్టర్స్ ఇప్పుడు లేవట, మెట్లూ లేవు, తలుపు వెనక అబాయా లేదు. వాటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది కాతమ్మకీ పోలమ్మకీ మధ్య ఉన్న ఆడవాళ్ళు. వాళ్ళ పేర్లు నాయనమ్మతోనే పోయాయి. ఏ సమాధుల దొడ్డి తవ్వినా దొరకరు.

ఈ డిసెంబరులో అచ్చు నూనెలో పెట్టానో లేదో పెదనాన్న ఫోను. ఒలందాలో దొర సొంత ఊరివాళ్ళకి రాశాడట. ఆ కొడుకు పుట్టుక రాసిన వాళ్ళ రికార్డులో తండ్రి పేరు లేదట, తల్లి పేరే ఉందట, అది చెప్తేగాని ఈయన వాళ్ళ మనిషని ఒప్పుకోరట.

"మీ నాయనమ్మ ఏదో పేరు చెప్పేది కదమ్మా, మొట్టమొదటావిడది. ఏంటది?"

పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పేరు ఆ కాగితం మీద చూడాలని నాయనమ్మ ఎంత కొట్టుకుందో నాకు తెలుసు. "దొర పక్కన, దొరంత పెద్ద అక్షరాలతో వేయిస్తారా?" అని అడిగాను.

"బ్రాకెట్లో వేయిద్దాంలేమ్మా" అన్నాడు.

"అవన్నీ ఎందుకిప్పుడు, పెదనాన్నా" అని ఫోను పెట్టేశాను.

నూనెలోంచి పొగలొస్తున్నాయి, మంట తగ్గించాను. సువార్తమ్మ, రాహేలమ్మ, కాతమ్మ అని చెప్పి వేశాను. ఆ తర్వాత ఏ పేరూ చెప్పకుండా మూకుడు నిండేదాకా వేశాను. చివరి పువ్వుకి మాత్రం, మెట్ల మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూసేంత గట్టిగా అరిచాను, పోలమ్మా అని. మా ఇంటి కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి.