మామ కక్కిన మందు

మొన్న తిరుపతిలో కళ్ళ పరీక్షకు వెళ్తుంటే, ముందు పోతున్న ఆటో వెనక ఒక కాగితం అంటించి ఉంది: ‘పెట్టుడు మందు కక్కించబడును.’ తాగుడు మాన్పించేదేమో అనుకుంది మా అమ్మాయి. కాదు, మొగుణ్ణి వశం చేసుకోవడానికి పెళ్ళాం అన్నంలో కలిపి పెడుతుందని చెప్పుకునే మందు అన్నాను. నవ్వింది. మా మేనత్త మీద ఆ నింద పడినప్పుడు మాత్రం ఇంట్లో ఎవరమూ నవ్వలేదు.

నగరిలో అత్త వాళ్ళింట్లో ఉండి నేను కాలేజీకి వెళ్ళే రోజులవి. మామ చేమగ్గం తీసేసి మరమగ్గం పెట్టాడు. ఆ ఆలోచన అత్తది. అంతవరకు తల్లి మాట దాటని మనిషి పెళ్ళాం మాట విన్నాడంటే, మామ తల్లికి కారణం ఒక్కటే తోచింది. ఆమెను మేమందరం అవ్వ అనేవాళ్ళం. “నా కొడుకు ఇట్లాంటోడు కాదు. కూట్లో ఏందో కలిపి పెట్టింది” అని వీధంతా చెప్పింది. నాకు తెలిసి అత్త కలిపిందల్లా చారులో నాలుగు మిరియాలు ఎక్కువ, అంతే.

చివరికి శ్రీకాళహస్తి అవతల ఒక పల్లెలో మందు కక్కించే ఆయన ఉన్నాడంటే అందరం బస్సెక్కాం. ఆయన ఏదో ఆకు పసరు గ్లాసెడు తాగించాడు. మామ పేగులు బయటికొస్తాయేమో అన్నట్టు కక్కాడు. ఆయన అందులో చెయ్యి పెట్టి, వెంట్రుకలు చుట్టుకున్న నల్లటి ఉండ ఒకటి తీసి చూపించాడు. అవ్వ దండం పెట్టుకుంది. అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఇంటికొచ్చాక మామ వంటింట్లో మెల్లగా అన్నాడు: “ఆ ఉండ ముందే ఆయన చేతిలో ఉండె. నేను సూసినా.”

“మరి ఆడనే ఎందుకు చెప్పలా?” అంది అత్త.

“అమ్మ మనసు నిమ్మళం అవుతాదని.”

ఆ పూట నుంచి అత్త గిన్నెలూ కంచమూ ఆయన ముందు పెట్టి పక్కకు వెళ్ళిపోయేది. మామ తనే వడ్డించుకునేవాడు. అలా రెండేళ్ళు.

ఈలోగా అవ్వకు కాళ్ళు పడిపోయాయి. గంజి తాగించేది అత్తే. ఆ చేతి గంజి అవ్వ మారుమాట లేకుండా తాగేది. ఒక మధ్యాహ్నం కొడుకు గరిటె పట్టుకోవడం చూసి, “వానికి నువ్వే పెట్టచ్చు గదమ్మా” అంది.

“నేను పెడితే మళ్ళా కాళహస్తికి పోవాల గదత్తా” అంది అత్త, గంజి గిన్నెలోకి చూస్తూ.

మామ గరిటె కింద పెట్టాడు. “అమ్మా, ఆ పొద్దు ఆ ఉండ నా కడుపులోది కాదు, ఆయన చేతిలోది. సూసి గూడా నోరు మూసుకున్నా. తప్పు నాది” అన్నాడు.

“ఇంకొంచెం గంజి పోయమ్మా” అంది అవ్వ అత్తతో. అది తాగించి, మూతి తుడిచి, అత్త వచ్చి మామ ముందు కూర్చుని గరిటె తీసుకుంది.

వాళ్ళ పెళ్ళయి ఇప్పటికి నలభై ఏళ్ళు. అందులో చాలా ఏళ్ళు ఎలా గడిచాయో నాకు గుర్తే లేదు. ఆ రెండేళ్ళు మాత్రం తక్కినవాటన్నిటికంటే పొడుగ్గా కనిపిస్తాయి.