పద్మజ గారి కుడికాలు

మొన్న మాదాపూర్‌లో మా ఆఫీసు లిఫ్టు ఎక్కితే నొప్పుల స్ప్రే వాసన గుప్పుమంది. నాకు కడుపు మండింది. ఒకప్పుడు పద్మజ గారు కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ మా వరుసంతా ఆ వాసనే వచ్చేది.

ఆవిడ నా మొదటి మేనేజరు. కాకినాడ వైపు మనిషి, కాపురం కూకట్‌పల్లిలో. నేను సిద్దిపేట నుంచి వచ్చి చేరిన కొత్తలో, మీటింగులో పై అధికారి ఏ గడువు చెప్పినా "అయితది సార్" అనేదాన్ని. ఒకరోజు క్యాంటీన్‌లో టీ చేతికిచ్చి, "కానిదాన్ని అవుతుందనకమ్మా రజితా. వాళ్లు మర్చిపోతారు, మోసేది నువ్వే," అన్నారు. తర్వాతి మీటింగులో "కాదు సార్" అన్నాను. ఆవిడ పక్కనే కూర్చుని, నా మాట పూర్తయ్యేదాకా అధికారిని నోరెత్తనివ్వలేదు.

కొన్నేళ్లకు, ఆవిడ నడుము దగ్గర వెన్నులో నరాల దారి ఇరుకైపోయిందని స్కానింగులో తేలింది. కాస్త దూరం నడిస్తే కాళ్లు మొద్దుబారి బరువెక్కేవి. ముందుకు వంగితే తేలికపడేవి. అందుకే మెట్రో దిగి వస్తూ రెయిలింగు మీద వాలి, ఫోను చూస్తున్నట్టు నటించేవారు. సూపర్‌మార్కెట్‌లో మాత్రం ట్రాలీ మీదికి వంగి బాగానే తిరిగేవారు. "అక్కడ రాని నొప్పి ఇంటికొచ్చేసరికి ఎలా వస్తుందే?" అనేవారట వాళ్లాయన.

మందులు, వ్యాయామాలు, ఇంజెక్షన్లు అన్నీ అయ్యాయి. చివరికి కుడి పాదం పట్టు తప్పసాగింది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. డాక్టరు, "నొప్పి ఒక్కటే అయితే ఆలోచించుకోమనేవాణ్ని. బలం తగ్గుతోంది, ఇంక ఆగొద్దమ్మా," అన్నాడు. ఆవిడ ఆపరేషనుకు సిద్ధపడ్డారు. వెన్ను మీద కత్తి పెడితే మంచాన పడతావని అత్తగారు, తల్లికి వంతపాడుతూ వాళ్లాయన అడ్డుపడ్డారు. ఆఫీసులో ఆ అధికారి నవ్వుతూనే, "ఈ సాఫ్ట్‌వేర్ రిలీజ్ అయిపోనివ్వండి పద్మజ గారూ, తర్వాత ఎన్నాళ్లయినా రెస్ట్ తీసుకోండి," అన్నాడు.

ఆవిడ సరేనన్నారు. నేను ఆగలేకపోయాను. "గిట్లెందుకు ఒప్పుకున్నరు మేడం? కాదనాలె అని నాకు చెప్పింది మీరే గదా!"

"నీకు చెప్పడం తేలికే. ఇంట్లోనూ అదే మాట, ఇక్కడా అదే మాట. ఎంతమందితో పోట్లాడను?"

ఆ రిలీజ్ అయింది, ఇంకోటి వచ్చిపడింది. ఒక ఉదయం మెట్రో మెట్ల మీద పాదం లేవక పడిపోయారు. ఈసారి ఎవరినీ అడగలేదు. నన్ను తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లి, తనే సంతకం పెట్టి చేరిపోయారు.

ఆపరేషనుతో నొప్పి పోయింది. పాదంలో బలం మాత్రం తిరిగి రాలేదు. నరం చాలాకాలంగా నలుగుతూ వచ్చిందన్నాడు డాక్టరు. ఆవిడ సెలవులో ఉండగానే ఆవిడ జట్టును ఇంకొకరికి అప్పగించేశారు. నేను చూడబోయిన రోజు వాళ్లాయన నా ముందే, "వద్దంటే వినలేదండీ. ఆ ఆపరేషనే కాలు తీసేసింది," అన్నారు. ఆయన లోపలికి వెళ్లాక, పాదం వాలకుండా బిగించిన పట్టీ సరిచేసుకుంటూ పద్మజ గారు మెల్లగా అన్నారు: "ఆపరేషన్ తప్పు కాదు రజితా, ఆలస్యం తప్పు. ఆగమన్నవాళ్లు చాలామంది. కాలు మాత్రం నాది."

ఇప్పుడు నా కిందా ఒక జట్టు ఉంది. ఎవరైనా వైద్యం కోసం సెలవడిగితే, పని గడువు నా నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, డాక్టరు ఎప్పుడు రమ్మన్నాడని అడుగుతాను. మేడం మనసు మంచిదంటారు వాళ్లు. మంచితనం కాదది. ఆ అధికారి మీదా, ఆ ఇంటి మీదా ఇన్నేళ్లయినా చల్లారని కోపం.