కొల్లేరు గదిలో ఏడు చేపలు

ఎండు చేపల వాసన తగిలితే చాలు, చిన్నప్పుడు మా బడిని నూరు చేపలతో అలంకరించానని చెబుతుంటాను. నూరు కాదు, ఏడు.

"ఇన్‌స్పెక్టరు గారికి నచ్చకపోతే బడి మూసేస్తార్రా. గదిని కొల్లేరులా చేద్దాం" అన్నారు మాస్టారు. పిల్లలు గోడలకు తుంగ కట్టారు, మట్టితో కొంగలు చేశారు. చేపలు చేసే పని నాది. ఎన్నిసార్లు చేసినా ఆరేసరికి విరిగిపోయాయి. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు ఉదయం మాస్టారు ఆయన్ని తీసుకురావడానికి పడవల రేవుకు వెళ్లగానే, మా అమ్మ ఎండబెట్టిన చేపలు తెచ్చి తుంగలో వేలాడదీశాను. పుట్టినప్పటి నుంచీ మా ఇంట్లో ఉన్న వాసన కదా, అది ఒకరికి గిట్టదని నాకు తెలియదు.

ఇన్‌స్పెక్టరు గడపలోనే ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకున్నారు. "ఇది బడా, చేపల కొట్టా అండీ?"

"ఒక్కసారి లోపలికి వచ్చి చూడండి. పిల్లలు కొంగలు కూడా చేశారండీ" అని మాస్టారు బతిమాలారు.

ఇన్‌స్పెక్టరు నవ్వి, నా వీపు తట్టి, బడిని ఉంచేశారని ఇన్నాళ్లూ చెప్పాను. అబద్ధం. ఆయన లోపలికే రాలేదు. ఆ నెలలోనే బడి మూసేశారు.

"నావల్లేనాండీ?" అని ఇన్‌స్పెక్టరు వెనుదిరిగిన రోజే మాస్టార్ని అడిగాను.

జన్మలో చేప ముట్టని మాస్టారు ఏడింటినీ తన చేత్తోనే విప్పి, తామరాకులో చుట్టి ఇచ్చారు. "అమ్మకిచ్చెయ్యరా, పాడైపోతాయి."