నేను చెప్పిన సాక్ష్యం

మా డ్రైవరు ఈ పని మానేస్తాడన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ. ఖాజాగూడలో ఒక బడిలో స్టోరు చూసుకునే ఉద్యోగం అడిగి వచ్చాడట. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు, ఆదివారం సెలవు. "పదహారేండ్ల సంది అందరు నా వీపుతోటే మాట్లాడుతున్రు, ఇగ చాలు" అన్నాడట ఆమెతో.

మోకాలి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మా వారిని చెయ్యి పట్టి కారెక్కించేదీ, ఆఫీసు దగ్గర దించేదీ అతనే. అయినా అతన్ని పిలిచి నేను ఒక్క మాట అడగలేదు. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. నాన్నే ఇంట్లో బైబిలు ముందు పెట్టి అక్షరాలు నేర్పారు. ఏం కావాలన్నా దేవుణ్ణే అడగమన్నారు. అడిగాను. ఆ తలుపు మూసెయ్యి ప్రభువా అని, రోజూ, మోకాళ్ళ మీద.

పది రోజులకు బడివాళ్ళు వేరే మనిషిని తీసుకున్నారు.

ఆ శుక్రవారం సాయంత్రం చందానగర్‌లో, మా చర్చి సంఘంలో ఒకరి ఇంట్లో ప్రార్థన కూడిక. దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచాను. మా డ్రైవరు వెళ్ళిపోబోతుంటే దేవుడు ఆ ఉద్యోగం రాకుండా చేసి మా దగ్గరే నిలిపాడని, ఈ మేలు మరువలేనని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. కూర్చోబోతూ చూస్తే, నేను కారులో మరిచిపోయిన పాటల పుస్తకాల సంచీ పట్టుకుని అతను గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

తిరుగుదారిలో అతను కారు నడుపుతూ, తల తిప్పకుండానే అన్నాడు: "అమ్మా, మీ దేవుడు మీ మాట మస్తు వింటడు గద. జర నా దిక్కెల్లి గూడ ఒక మాట చెప్పున్రి."

నవ్వుతూనే అన్నాడు. నేను అతని వీపు వైపు చూస్తూ కూర్చున్నాను.

క్షమించమని అడగలేదు. దిగేటప్పుడు మాత్రం, ఇంకెక్కడైనా ప్రయత్నిస్తున్నావా అని అడిగాను. ఒక దవాఖానలో మందుల స్టోరు చూసుకునే పని ఉందని, వచ్చే నెల పిలుస్తామన్నారని చెప్పాడు.

మరుసటి శుక్రవారం లేచి, నా సాక్ష్యం తప్పని చెబుదామనుకున్నాను. ఎవరో పాట ఎత్తుకున్నారు. అదే సాకుగా కూర్చుండిపోయాను. ఇంట్లో ప్రార్థన మార్చాను గానీ, ఇప్పటికీ పాత మాటలే ముందు నాలుక మీదికి వస్తున్నాయి.

అందుకే ఇది రాస్తున్నాను. ప్రార్థించే అలవాటున్నవాళ్ళు అతన్ని ఒక్కసారి తలచుకోండి. మా దగ్గర ఉండాలని కాదు, వెళ్ళాలని.