పోశెట్టి పుస్తకంలో గుర్తు తీయకండి

ఈ రోజు శుక్రవారం. మస్కట్‌లో ఉన్నప్పుడు వాడీ కబీర్ పేటలో మనం కలుసుకునే రోజు. పోశెట్టి నిన్న పోయాడు. మన వాట్సాప్ గ్రూప్‌లో కొందరు ఇప్పటికే తొందరపడి ఏదేదో రాస్తున్నారు కనుక ఈ పోస్ట్ రాయక తప్పడం లేదు.

నిన్న మధ్యాహ్నం మస్కట్ నుంచి, పోశెట్టి రూమ్‌లోనే ఉండే సదానందం ఫోన్ చేశాడు.

"మేడం, పోశెట్టన్న లేస్తలేడు."

లేవకపోతే డాక్టర్‌ని పిలవమన్నాను.

"పిలిచినం మేడం," అన్నాడు.

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. పొద్దున డ్యూటీకి లేపబోతే ఒళ్లు చల్లగా ఉందట. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు.

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి మీద పాలు మాడిపోయాయి.

కొత్తవారి కోసం చెబుతున్నాను. ఎనభైల చివర నేను అక్కడ స్కూల్లో టీచర్‌ని. మా వీధి చివర ఇబ్రహీం భాయ్ అనే కేరళ ఆయనకు ఒక షాపు ఉండేది. ముందు సగం పాత పుస్తకాలు, వెనుక సగం టీ కౌంటర్. మూలన ఒక ఫ్రిజ్, దాని నిండా మత్తు లేని బీరు సీసాలు. అందుకని సైట్ల మీద పనిచేసే మనవాళ్లు ఆ షాపుకు 'బార్' అని పేరు పెట్టారు.

మా స్కూలు పిల్లలు బార్‌కు వెళ్తున్నారని ఎవరో చెబితే తనిఖీకి బయలుదేరాను.

లోపల బల్ల ముందు ఒక సన్నటి మనిషి, అతనే పోశెట్టి. ఒక చేతిలో సీసా, ఇంకో చేతి వేలు తెలుగు నవల మీద. అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నాడు.

ఇది బారా అని గద్దించాను.

"బారే మేడం. ఎంత తాగినా ఎక్కది. అందుకే గీ పుస్తకాలు వట్టుకున్నం."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. అతను తప్పు చదివిన మాట సరిచేసి, ఎదురుగా కూర్చున్నాను. ఆ తరువాత నేను ఒమన్‌లో ఉన్నంతకాలం శుక్రవారాలు అక్కడే గడిచాయి. ఒకరు పైకి చదివేవారు, చదువు రానివాళ్లు వినేవారు.

ఆ షాపుకు ఒక పద్ధతి ఉండేది. కొనలేనివాళ్లు అక్కడే కూర్చుని చదువుకోవచ్చు. లేచేటప్పుడు సీసా లేబుల్ ఊడదీసి, చదివిన పేజీలో పెట్టేవారు. లేబుల్ ఉన్న పుస్తకాన్ని ఇబ్రహీం భాయ్ ఎవరికీ అమ్మేవాడు కాదు.

ఒకసారి పోశెట్టిని కంపెనీ దూరంగా బహ్లా ఊళ్లోని సైట్‌కు పంపింది. నెలలు గడిచినా రాలేదు. అతను చదువుతున్న లావుపాటి నవల అరలో అలాగే ఉంది. ఒక పెద్దమనిషి అదే కావాలని పట్టుబట్టాడు.

"నిషాన్ హై సాబ్. ఆద్మీ ఆయేగా."

గుర్తు ఉంది, మనిషి వస్తాడు. ఆ మాట అని పుస్తకాన్ని మళ్లీ అరలో పెట్టేశాడు ఇబ్రహీం భాయ్.

పోశెట్టి వచ్చాడు. బస్సు దుమ్ముతో వచ్చి, చేతులు కడుక్కుని, లేబుల్ తీసి చదవడం మొదలుపెట్టాడు.

తొంభైల చివర షాపు మూసేశారు. గుర్తు ఎవరిదో పుస్తకం వాళ్లదేనని ఇబ్రహీం భాయ్ పంచిపెట్టాడు. ఆ నవల పోశెట్టికి దక్కింది. తరువాత పోశెట్టి కంపెనీ కూడా మూతపడింది. వీసా పోయింది, పాస్‌పోర్ట్ పోయింది. కాగితాలు లేని మనిషిగా దొరికిన పని చేసుకుంటూ ఉండిపోయాడు. ఊళ్లో తల్లి పోయినప్పుడూ రాలేకపోయాడు.

కాగితాలు లేనివాళ్లు శిక్ష లేకుండా ఇంటికి వెళ్లవచ్చని అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టిన ప్రతిసారీ ఇక్కడి నుంచి ఫోన్ చేసి వచ్చేయమన్నాను.

"అమ్మ పోయినప్పుడు రాకపోతి. ఇప్పుడు ఏం మొకం వెట్టుకోని రావాలె మేడం?"

పుస్తకం పూర్తయిందా అని అడిగేదాన్ని.

"అయిపోలే. ఆఖరి పేజీలు ఇంటికాడ సదువుత. అన్నీ ఈడనే సదివితే ఇంటికాడ నాకేం పని?"

ఇంత మంది తెలిసినవాళ్లం ఉండి ఒక్క మనిషిని ఇల్లు చేర్చలేకపోయాం. దేవుణ్ణి అడుగుదామంటే నాకు ఆ ఓపిక కూడా లేదు.

ఇప్పుడు గ్రూప్‌లో "కాగితాలు లేవు, నెలలు పడుతుంది, అక్కడే కానిచ్చేద్దాం" అంటున్నారు. ఆర్మూరు దగ్గర అతని అక్క లింగవ్వ ఉంది. అతనికి మిగిలింది ఆమె ఒక్కతే. రాత్రి నాతో మాట్లాడింది.

"ఆడనే కాలవెడ్తరా టీచరమ్మా? నా తమ్ముని మొకం నాకు సూపెట్టరా?"

ఆమెకు జవాబు మనం చెప్పాలి.

1. సదానందం ఆదివారం ఆఫీసు తెరవగానే ఎంబసీకి వెళ్లాలి. పాత పాస్‌పోర్ట్ కాపీ నా దగ్గర ఉంది, పంపాను.

2. నిజామాబాద్‌లో ఉన్న గంగాధర్ రేపే లింగవ్వ దగ్గరికి వెళ్లి, శవాన్ని ఊరికి పంపమని రాయించి తేవాలి. అక్కడే దహనానికి ఒప్పుకుంటున్నట్లు ఆమె చేత ఎవరూ వేలిముద్ర వేయించకూడదు.

3. హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌కు నేను వస్తాను. నా మోకాళ్ల గురించి ఎవరూ మాట్లాడవద్దు.

4. రూమ్‌లో అట్ట ఊడిపోయిన లావు పుస్తకం ఉంటుంది. దాన్ని శవపేటికతో పాటు పంపాలి. లోపలి లేబుల్ తీయవద్దు, జరపవద్దు.

5. ఆఖరి పేజీలు వాళ్ల ఇంటి ముందు నేను పైకి చదువుతాను. అది అయ్యాకే పాడె ఎత్తాలి.

వీటిలో ఎన్ని జరుగుతాయో నాకు నమ్మకం లేదు. అయినా రాశాను.

గుర్తు ఉంది. మనిషి రావాలి.

పోశెట్టీ, ఇంక డ్యూటీ లేదు నాయనా. నెమ్మదిగా నిద్రపో.